పదిహేడేళ్ల కారు: ఇంజిన్ విప్పించాలా, వదిలేయాలా?

ఉప్పుగాలి టీచరు, కాకినాడ

కొత్తపల్లి మండలంలో ఒక హైస్కూల్లో భౌతిక రసాయన శాస్త్రం చెబుతాను. కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు మీదుగా రోజూ నా కారులోనే వెళ్లి వస్తాను. 2008 సెప్టెంబరులో కొన్న చిన్న కారు, పెట్రోలు, 1061 సీసీ, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీదో రాయను. దాని జబ్బులు కంపెనీవి కావు, వయసువి, నా రోడ్డువి.

జబ్బు ఏమిటంటే, ఆయిల్ తాగుతోంది. నెలకు అర లీటరు పైనే పోస్తున్నాను. ఉదయం స్టార్ట్ చేయగానే వెనక నీలం పొగ గుప్పుమంటుంది. మా వాచ్‌మన్ ఆ పొగను చూసి గేటు తీస్తున్నాడు, హారన్ కొట్టే పని తప్పింది. మెకానిక్ షెడ్డులో చూపిస్తే ఇంజిన్ దించాల్సిందే అన్నారు. రింగులు, బేరింగులు, హెడ్ పని కలిపి 42,000. కింద ఫ్లోరు తుప్పుకు టింకరింగ్ 18,000. ఏసీ 14,000. మొత్తం 74,000 రూపాయలు. అంతా చెప్పి, 'ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తే అరవై వేలు ఇస్తానమ్మా' అన్నాడాయన. అరవై వేల బండికి డెబ్బై నాలుగు వేల వైద్యమా?

కొత్త కారు అడిగితే అన్నీ కలిపి 6,70,000 అన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగిందని సేల్స్ కుర్రాడు నాలుగుసార్లు చెప్పాడు. అయిదు లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీతో అయిదేళ్లకు నెలకు 10,379. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాడు, ఫీజులు నేనే కట్టాలి.

ఇంకో మెలిక. 2023లో పదిహేనేళ్లు నిండితే 5,000 కట్టి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు పొడిగించుకున్నాను (అంతకుముందు ఏడాది ఏప్రిల్ వరకు అది 600 రూపాయలే). అంటే 2028 సెప్టెంబరు దాకా ఈ బండి తిరగడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఇంజిన్ ఒప్పుకోవడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

ఖాతాపుస్తకం, గుంటూరు

టీచరు గారూ, బ్యాంకులో వాహన రుణాలు చూసేవాణ్ని కాబట్టి లెక్క వైపు నుంచి చెబుతాను. 'కారు ఖరీదు కన్నా రిపేరు ఎక్కువ' అన్న పోలిక తప్పు. మీరు కారును అమ్మడం లేదు, దానిలో తిరుగుతున్నారు. అడగాల్సింది ఇది: ఆ అరవై, ఈ డెబ్బై నాలుగు కలిపితే 1,34,000. ఆ డబ్బుకు బయట దొరికేది కూడా ముసలి కారే, దాని చరిత్ర మీకు తెలియదు. మీ కారు చరిత్ర మీకు తెలుసు. 74,000ను 2028 దాకా ఉన్న నెలలకు పంచితే నెలకు రెండు వేల చిల్లర. కొత్తదానికి పది వేల పైన.

అయితే ఈ లెక్కలో ఇమడనిది ఒకటుంది. 2008 నాటి చిన్న కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు లేవు. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి, పక్క సీటుకు కూడా 2022 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. మీ పక్కన ఎవరు కూర్చుంటారో అది కూడా చూసుకోండి.

మియాపూర్ వాసి

రిపేరు చేయించకండి. నేను ఇలాగే ఇంజిన్ చేయించాను. రెండు నెలలకు గేర్‌బాక్సు, తర్వాత రేడియేటరు, తర్వాత స్టీరింగ్ రాక్. ప్రతిసారీ 'ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం' అనుకున్నాను. చివరికి అమ్మినప్పుడు వచ్చింది నేను వేయించిన టైర్ల ఖరీదే. లెక్కలు వేసే వాళ్లకు షెడ్డు దగ్గర నిలబడిన శనివారాలు కనిపించవు.

విశ్రాంత గ్యారేజీ, విజయవాడ

అమ్మా, ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీ గ్యారేజీలో ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ని. రిపేరా, కొత్తదా అన్నది తర్వాత. ముందు రోగం ఏదో తేలలేదు, చీటీ మాత్రం రాసేశారు.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, అంతవరకు నిజం. ఎప్పుడు వస్తోంది అన్నదే అసలు సంగతి. రాత్రంతా నిలిపి ఉదయం తీస్తే గుప్పున వచ్చి తగ్గిపోతుందా? అది ఎక్కువగా వాల్వు సీళ్ల పని. రాత్రి పైనుంచి చుక్క చుక్కగా లోపలికి దిగిన ఆయిల్ పొద్దున కాలుతుంది. అలా కాక బరువు మీద, ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా వదలకుండా వస్తే రింగుల మీద అనుమానం.

కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండర్ల లోపలి ఒత్తిడి కొలిచే పరీక్ష, చేయించండి. నాలుగు ప్లగ్గులూ తీసి గేజీ పెడతారు. తక్కువ చూపించిన సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. రీడింగు పైకి లేచిందంటే రింగులు అరిగాయి, లేవకపోతే వాల్వుల వైపు చూడాలి. మొదటి నుంచీ నాలుగూ బాగుంటే ఇంజిన్ దించే మాటే లేదు. సీళ్లు మార్చడం ఆరేడు వేల పని. దానికన్నా ముందు పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లను వదిలేది) మూసుకుపోయిందేమో చూడమనండి, చిన్న ముక్క, దానివల్ల కూడా ఆయిల్ పోతుంది. పెట్రోలు గొట్టాలు కూడా చూపించండి. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, అప్పటి రబ్బరు దాని కోసం చేసింది కాదు.

ఇక నన్ను భయపెట్టింది మీ ఇంజిన్ కాదు, మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన ఫ్లోరు తుప్పు. ఇలాంటి కార్లకు లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు, రేకు పెట్టెయే ఎముకల గూడు. కాళ్ల కింద చదును రేకు తింటే ప్యాచ్ వేయవచ్చు. రన్నింగ్ బోర్డు లోపలి భాగం, జాకీ పెట్టే చోటు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బిగించే చోటు తింటే మాత్రం ఇంజిన్ బంగారమైనా లాభం లేదు. కార్పెట్ ఎత్తించి, పెద్ద స్క్రూడ్రైవరుతో మీ కళ్లముందే పొడిపించండి.

ఉప్పుగాలి టీచరు

బాబాయి గారూ, పొగ మీరు చెప్పినట్టే పొద్దునే వస్తుంది. రంగరాయ వైద్య కళాశాల దాకా వెళ్లేసరికి ఉండదు. శనివారం మధ్యాహ్నం వేరే షెడ్డుకు తీసుకెళ్తాను.

ఉప్పుగాలి టీచరు (నాలుగు రోజుల తర్వాత)

వెళ్లాను. స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. నాలుగు సిలిండర్లూ 160 పీఎస్ఐకి అటూ ఇటూ, బాగానే చూపించాయి, చెంచా ఆయిల్ పోసినా పెద్దగా కదలలేదు. ఇంజిన్ దించక్కర్లేదు. సీళ్లకు 6,500 అన్నారు. పది నిమిషాలు ఎంత సంతోషపడ్డానో!

తర్వాత కార్పెట్ ఎత్తారు. బ్రేకు పెడలు కింద టీ రంగు నీళ్లు. చదును రేకులో అరచేయంత చిల్లు, దానికి ప్యాచ్ వేయవచ్చన్నారు. కుడివైపు జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవరు పెడితే, పొడవలేదు బాబాయి గారూ, ఊరికే ఆనించారు, పిడి దాకా దిగిపోయింది. అక్కణ్నుంచి ముందు చక్రం వైపు జానెడు మేర అదే పరిస్థితి. 'రేకుకు రేకు అతికిస్తాను, బలం మాత్రం రాదు మేడం' అన్నాడు ఆ కుర్రాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

పదో తరగతి పిల్లలకు ప్రతి ఏడూ మూడు పరీక్షనాళికల ప్రయోగం చూపిస్తాను. మామూలు నీళ్లలో ఒక మేకు, మరిగించి పైన నూనె పోసిన నీళ్లలో ఒక మేకు, కాల్షియం క్లోరైడుతో పొడిగా ఉంచిన గాలిలో ఒక మేకు. మొదటిదే తుప్పు పడుతుంది. నాలుగో నాళిక, సముద్రపు నీళ్లది, పాఠంలో లేదు. దాన్ని పదిహేడేళ్లుగా స్కూలు ఆవరణలో వేపచెట్టు కింద నిలుపుతున్నాను. అలలు రోడ్డెక్కిన రోజుల్లో వైపర్లు వేసుకుని మరీ వచ్చాను. కింద ఒక్కసారి మంచినీళ్లు కొట్టించింది లేదు.

రిపేరు మానేశాను. ఇప్పుడు మిగిలింది ఆ అరవై వేలు. మొదటి మెకానిక్ ఇప్పటికీ ఇస్తానంటున్నాడు. ఆయన పైన రేకు అతికించి, నల్ల రంగు కొట్టి, ఎవరికో అమ్ముతాడు. ఆ ఎవరో పిల్లల్ని ఎక్కించుకుని అన్నవరం వెళతారు. తుక్కుకు ఇస్తే ఎంత వస్తుంది?

ఖాతాపుస్తకం, గుంటూరు

అనుమతి ఉన్న తుక్కు కేంద్రానికే ఇవ్వండి. కేంద్రం ప్రకటించిన విధానం ప్రకారం తుక్కు విలువ కొత్త బండి ఎక్స్‌షోరూమ్ ధరలో (రోడ్డు పన్ను, బీమా కలపని ధర) 4 నుంచి 6 శాతం. అయిదున్నర లక్షల బండి అనుకుంటే 22,000 నుంచి 33,000. బండి తుక్కుకు ఇచ్చినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త కారుకు రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, సొంత వాహనాలకు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చని రాష్ట్రాలకు చెప్పారు. మన దగ్గర ఇప్పుడు ఎంత ఇస్తున్నారో రవాణా కార్యాలయంలో అడిగి వెళ్లండి. షెడ్డు ఆయనకు ఇస్తే మాత్రం ఆర్సీ పేరు మారేదాకా మీరు నిద్రపోలేరు.

మియాపూర్ వాసి

అరవై తీసుకోండి టీచరు గారూ. కొనేవాడు చూసుకుని కొనుక్కుంటాడు.

ఉప్పుగాలి టీచరు

నేను చూసుకోలేదుగా, పదిహేడేళ్లు అందులో కూర్చుని! తుక్కుకే ఇస్తున్నాను. కొత్తది కాదు, 2022 తర్వాతిది, రెండు ఎయిర్‌బ్యాగులున్నది నాలుగు లక్షల్లో వెతుకుతున్నాను. దొరికేదాకా ఉప్పాడ బస్సు. బాబాయి గారూ, వచ్చేదానికి కింద పూత వేయిస్తే సరిపోతుందా?

విశ్రాంత గ్యారేజీ, విజయవాడ

పాత బండికి తుప్పు మీదే పూత కొడితే తేమ లోపల ఉండిపోతుందమ్మా, పైకి నున్నగా కనిపిస్తూ లోపల తింటుంది. ముందు కింద గీకించి, కడిగించి, రెండు రోజులు ఎండనిచ్చి వేయించండి. తలుపుల కింద అంచుల్లో నీళ్లు పోయే చిన్న కన్నాలుంటాయి, పూతతో వాటిని మూసేయనివ్వకండి. వారానికొకసారి కింద మంచినీళ్లు కొట్టించండి, సబ్బు అక్కర్లేదు. అలలు రోడ్డెక్కే రోజున పిఠాపురం మీదుగా తిరిగి వెళ్లండి. పెట్రోలు ఎక్కువవుతుంది, అవనివ్వండి.