వెంబన్యామా ప్రకటనల సంపాదనలో లెబ్రాన్‌ను అందుకుంటాడా?

మూడో_క్వార్టర్: 2023 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి పిక్‌గా శాన్ ఆంటోనియో స్పర్స్‌కి వచ్చిన వెంబీకి (వెంబన్యామా) రూకీ జీతం, అంటే తొలి ఒప్పందం జీతం, లీగ్ లెక్క ప్రకారమే. నాలుగేళ్లకు 5.5 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోతుంది. ఆపైన ఏం రావాలన్నా ప్రకటనల నుంచే. లెబ్రాన్‌తో 2003లో ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ ఆడకముందే నైకీ సుమారు 9 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఈ ఫ్రాన్స్ కుర్రాడికి అంత సీనుందా?

జంప్‌షాట్: లేదు బ్రో. అసలు డబ్బు షూలలో ఉంది. పిల్లలు ఐవర్సన్ క్రాసోవర్ (బంతిని చేయి మార్చి ప్రత్యర్థిని తప్పించడం), కర్రీ త్రీ (దూరం నుంచి మూడు పాయింట్ల షాట్) చూసి షూ కొంటారు. ఏడడుగుల పైచిలుకు మనిషిని చూసి ఏం నేర్చుకుంటారు, బ్లాకులా (ప్రత్యర్థి షాట్లు ఆపడమా)? పైగా శాన్ ఆంటోనియో టీవీ మార్కెట్ చిన్నది.

బెంచ్_ప్లేయర్: యానిస్ పేరు తెచ్చుకున్న మిల్వాకీ మాత్రం మహానగరమా? అతను కూడా దాదాపు ఏడడుగులే, 2019లో నైకీ అతని పేరుతో షూ తెచ్చింది. ఇక పొడగరి చైనా ఆటగాడు యావో మింగ్ సంగతి చూడండి. 2003లో ఆపిల్ యాడ్‌లో విమానంలో చిన్న ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటాడు, పక్కనున్న పొట్టి నటుడి చేతిలో పెద్దది. ఆ యాడ్ మొత్తం అతని ఎత్తు మీదే నడిచింది!

జంప్‌షాట్: యావో వెనక చైనా ఉంది బాసూ. ఫ్రాన్స్ జనాభా 7 కోట్లు దాటదు. పైగా పాదాల గాయాలతో యావో 30 ఏళ్లకే రిటైరయ్యాడు. వెంబీకి 2025 ఫిబ్రవరిలో భుజంలో రక్తం గడ్డకట్టి సీజన్ పోయింది. ఏ కంపెనీకైనా టెన్షన్ ఉండదా?

బెంచ్_ప్లేయర్: గాయాల మాట ఒప్పుకుంటా. జనాభా లెక్క మాత్రం ఒప్పుకోను. ఫ్రెంచ్ ఫ్యాషన్ కంపెనీ లూయీ విట్టాన్ 2024లో అతన్ని అంబాసిడర్‌గా పెట్టుకుంది. లక్షల రూపాయల బ్యాగులు అమ్మేవాళ్లకు ఎంతమంది చూస్తున్నారన్నది కాదు, ఎవరు చూస్తున్నారన్నది ముఖ్యం. 2025 జనవరిలో ఎన్‌బీఏ స్పర్స్‌ను ప్యారిస్ తీసుకెళ్లి ఇండియానా పేసర్స్ జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడించింది. ఊరికే తీసుకెళ్లిందా?

టెక్సాస్_తెలుగోడు: మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా పదకొండేళ్లవాడు ఒంటి మీద వెంబీ జెర్సీ, కాళ్లకు మరో ఎన్‌బీఏ ఆటగాడు ఆంథొనీ ఎడ్వర్డ్స్ షూ. వాడి గదిలో ఇద్దరి పోస్టర్లూ ఉన్నాయి.

జంప్‌షాట్: అన్నా, నా మాట మీరే చెప్పేశారు! జెర్సీ లైసెన్సింగ్ డబ్బు ఆటగాళ్లందరూ పంచుకుంటారు. షూ డబ్బే ఎవరిది వాళ్లకు.

బెంచ్_ప్లేయర్: సరే, షూలలో లెబ్రాన్‌ను అందుకోడు, రాసిస్తా. వాచీలు, బట్టలు, పెర్ఫ్యూములు కూడా కలిపి లెక్కేస్తే మాత్రం పందెం నాదే.