గ్రాంట్ గ్రీన్‌ని వెస్ మాంట్‌గోమరీ పక్కన కూర్చోబెట్టొచ్చా?

తీగలమోత: అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1935లో పుట్టిన జాజ్ గిటారిస్ట్ గ్రాంట్ గ్రీన్, 43 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. 1961-65 మధ్య బ్లూ నోట్ కంపెనీ రికార్డుల్లో ఎక్కడ చూసినా ఆయన గిటారే. అయినా జాజ్ గిటార్ అనగానే అందరూ వెస్ పేరే ఎత్తుతారు. ఎందుకు?

ఆరోతీగ: గ్రీన్ కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే కార్డ్స్ వాయించడు కాబట్టి. వెస్ సోలోలో ఒంటి స్వరం, ఆక్టేవ్స్ (ఒకే స్వరం రెండు స్థాయిల్లో కలిపి), కార్డ్స్ మెట్టు మెట్టుగా పెరుగుతాయి. గ్రీన్‌ది మొదటి నుంచి చివరిదాకా ఒంటి స్వరమే.

తీగలమోత: వీణలో కార్డ్స్ ఉన్నాయా? ఈమని శంకరశాస్త్రి గారిని తక్కువ చేస్తామా? గ్రీన్ చెవిలో ఉన్నది చార్లీ పార్కర్ సాక్సోఫోన్. ఆంప్‌లో బేస్, ట్రెబుల్ తగ్గించి మిడ్ (మధ్య స్థాయి ధ్వని) పెంచేవాడు. ఆ గరుకు గొంతు అందుకే. 'ఐడిల్ మూమెంట్స్' వినండి, 1963ది. ఒక ఆవృత్తం 16 బార్లా (తాళపు గళ్లు) 32 బార్లా అని బృందంలో లెక్క తప్పి, పాట దాదాపు 15 నిమిషాలు సాగింది. ఆ టేక్‌నే ఉంచి, ఆల్బమ్‌లో పట్టడానికి మిగతా పాటలను కుదించి మళ్లీ వాయించారు.

ఆరోతీగ: వీణ సంగతి వేరు. జాజ్‌కి హార్మనీయే, అంటే స్వరాలు కలిసి మోగడమే ప్రాణం.

పాతరికార్డు: గ్రీన్ ఆల్బమ్ 'మ్యాటడార్' 1964లో రికార్డయింది. సాక్సోఫోన్ దిగ్గజం కోల్ట్రేన్ దగ్గర వాయించే పియానిస్ట్ మెకాయ్ టైనర్, డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ ఇందులో ఉన్నారు. బయటికొచ్చింది 1979లో, గ్రీన్ చనిపోయిన ఏడాదే. జనం వినకపోతే పేరెలా వస్తుంది?

ఆరోతీగ: అంతా కంపెనీ మీదికి నెట్టకండి. మత్తుమందుల వల్ల కొన్నేళ్లు పోగొట్టుకున్నాడు. తిరిగొచ్చాక డ్యాన్సు ఊపుండే ఫంక్ సంగీతంలోకి వెళ్లాడు. 1970 నాటి 'అలైవ్' ఆల్బమ్‌లో ఏముంది, గ్రూవ్ (లయ ఊపు) తప్ప?

తీగలమోత: మా గిటార్ మాస్టారు కూడా ఇలాగే మాట్లాడేవారు. కార్డ్స్ పట్టలేనివాడికి క్లాసు దండగ అని అందరి ముందూ నా చేతిలో గిటార్ లాక్కున్నారు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. తర్వాత ఇరవై ఏళ్లు ముట్టుకోలేదు. గ్రీన్‌ని విన్నాకే మళ్లీ తీశాను.

ఆరోతీగ: ఆయన మీద కోపం నా మీద చూపిస్తే ఎలా? నేనూ పిల్లలకు నేర్పేవాడినే. సాధన చెయ్యమంటే "ఫీల్ ఉంటే చాలు, గ్రాంట్ గ్రీన్‌కి కార్డ్స్ ఉన్నాయా" అంటున్నారు. ఒళ్లు మండేది అక్కడే.

తీగలమోత: ఆ మాట మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఒక్క స్వరాన్ని సరిగ్గా సమయానికి దించడానికి సాధన అక్కర్లేదా? టిక్ టిక్‌మని లయ చెప్పే మెట్రోనోమ్ పెట్టుకుని ఆరు నెలలుగా అదే చేస్తున్నాను. ఇప్పటికీ ముందే పడుతోంది.

పాతరికార్డు: మీరు కొట్టిపారేసిన 'అలైవ్'లోని ముక్కనే 1991లో 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' బృందం తమ ర్యాప్‌లో వాడుకుంది. మావాడు అది వింటుంటే పక్క గదిలోంచి గిటార్ గుర్తుపట్టాను.

ఆరోతీగ: 'ఐడిల్ మూమెంట్స్' క్లాసులో వినిపిస్తాను. కానీ కార్డ్స్ పాఠం అయ్యాకే.