సైలోసైబిన్ పరిశోధనలను ఎంతవరకు నమ్మవచ్చు?

సుభద్ర:
కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్‌ను మొండి కుంగుబాటుకు మందుగా అనుమతించాలా అన్నది నా ప్రశ్న. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ప్రయోగం వచ్చింది. మామూలు మందులకు లొంగని 233 మందికి ఒక్కసారే మోతాదు ఇచ్చారు: కొందరికి 25 మిల్లీగ్రాములు, కొందరికి 10, కొందరికి 1. మూడు వారాలకు కుంగుబాటు కొలతలో 25 తీసుకున్నవారికి సగటున 12 పాయింట్లు తగ్గాయి, 1 తీసుకున్నవారికి 5.4. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి అనుమతి పొందిన మానసిక వైద్యులు రాసే వీలు కల్పించింది. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం. ఇంకా ఎన్నాళ్లు?

ఫణి:
ఆ 12, 5.4 లెక్క దగ్గరే నా అభ్యంతరం. 25 మిల్లీగ్రాములు మింగినవాడికి గంటలోపే రంగులు, ఆకారాలు మారిపోతాయి. 1 మింగినవాడికి దాదాపు ఏమీ కాదు. ఎవరికి ఏది దక్కిందో రోగికీ తెలుస్తుంది, పక్కన కూర్చున్నవారికీ తెలుస్తుంది. ఆశపడి వచ్చి, దక్కలేదని తెలిసినవాడు ఇంకా కుంగిపోడా? 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల సంఘం, ఇలాగే మనసు మీద పనిచేసే ఎండీఎంఏ అనే మందు ఫలితాలను 9–2 ఓట్లతో ఒప్పుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

సుభద్ర:
ఎండీఎంఏ వేరే మందు ఫణి గారూ. జాన్స్ హాప్‌కిన్స్‌లో 51 మంది క్యాన్సర్ రోగులపై చేసి 2016లో ప్రకటించిన అధ్యయనం చూడండి. ఆరు నెలల తర్వాత కూడా దాదాపు 80 శాతం మందిలో దిగులు, ఆందోళన తగ్గే ఉన్నాయి. ఆశ ఆరు నెలలు నిలుస్తుందా?

ఫణి:
అక్కడా పోలికకు ఇచ్చింది చాలా చిన్న మోతాదే. 1962లో బోస్టన్‌లో 20 మంది వేదాంత విద్యార్థులపై చేసినప్పుడు సగం మందికి సైలోసైబిన్, మిగతా సగం మందికి ఒళ్లు వేడెక్కించే నియాసిన్ అనే విటమిన్ ఇచ్చారు. కాసేపటికే ఎవరిది ఏదో బయటపడింది. అరవై ఏళ్లయినా ఆ చిక్కు తీరలేదు. 2021లో లండన్‌లో 59 మందిపై సైలోసైబిన్‌ను ఎస్‌సిటాలోప్రామ్ అనే మామూలు కుంగుబాటు మందుతో పోల్చి చూస్తే, ముందుగా నిర్ణయించుకున్న ముఖ్య కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నీలకంఠం:
59 మందితో రెండూ సమానమని తేల్చడం కూడా కుదరదండీ.

సుభద్ర:
ఎన్నిసార్లు చెప్పినా మీరు ఆ ఒక్క మాట దగ్గరే తిరుగుతున్నారు. శస్త్రచికిత్స జరిగిందో లేదో కూడా రోగికి తెలుస్తుంది. అందుకని శస్త్రచికిత్సలు మానేశామా?

ఫణి:
నా తమ్ముడు బెంగళూరులో చదువుకుంటూ ఎల్‌ఎస్‌డీ తీసుకున్నాడు, సైలోసైబిన్‌లాగే భ్రమలు కలిగించే మత్తుమందు. 22 ఏళ్లు. "అది ప్రమాదం కాదు, పరిశోధనలు జరుగుతున్నాయి" అని ఫోనులో నాకే చెప్పాడు. ఇంటికి తెచ్చాక తొమ్మిది రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఎవరో వింటున్నారని కిటికీ సందుల్లో అమ్మ పాత చీర ముక్కలు కుక్కాడు. రెండేళ్లయింది, ఇంకా మందులు వాడుతున్నాడు.

రత్నమాల:
మీ తమ్ముడు కోలుకోవాలి. కానీ ప్రయోగాల్లో కుటుంబంలో మతిభ్రమణ చరిత్ర ఉన్నవారిని ముందే పక్కన పెడతారు కదా.

ఫణి:
మా చిన్నాన్నకు ఆ జబ్బు ఉంది. ఆ సంగతి తమ్ముడిని ఎవరు అడిగారు? రేపు మన ఊళ్లో ఎవరు అడుగుతారు? వాడిని చూసిన మొదటి డాక్టరు అయిదు నిమిషాల్లో చీటీ రాసి పంపేశాడు. ఇలాంటి చోట చట్టం తలుపు తెరవమంటున్నారు మీరు!

సుభద్ర:
మీ బాధ నాకు అర్థమైంది. నా బాధ కూడా వినండి. మా అమ్మకు క్లోమ క్యాన్సర్. నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు, భయానికి ఏమీ ఇవ్వలేదు. దీపం ఆర్పితే నా చెయ్యి వదిలేది కాదు. పని చేసింది మందా, ఆశా అన్న తేడా ఆ గదిలో ఎవరికి కావాలి? ఆమెకు పదేళ్ల తర్వాతి ఫలితాలు అక్కర్లేదు.

ఫణి:
అది ముందే చెప్పి ఉంటే ఇంత వాదించేవాడిని కాదు. చివరి నెలల్లో ఉన్న మనిషికి, ఆసుపత్రిలో, ఇవ్వవద్దని నేను అనను. మీ మొదటి ప్రశ్న మాత్రం కుంగుబాటు ఉన్న అందరి గురించి. ఆ ప్రయోగాల్లో శిక్షణ పొందిన ఇద్దరు ఆరేడు గంటలు రోగి పక్కనే ఉంటారు. మన ఆసుపత్రుల్లో ఎవరు ఉంటారు?

సుభద్ర:
నేను ఉండేదాన్ని.

ఫణి:
మా తమ్ముడి పక్కన మా అమ్మ కూర్చుంది, తొమ్మిది రాత్రులూ. ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.