రాట్‌వీలర్, పిట్‌బుల్ నిజంగానే అంత ప్రమాదమా? చెడ్డపేరు జాతిదా, పెంపకానిదా?

మియాపూర్_వేణు:
మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. ఇంట్లో డెబ్బై దాటిన అమ్మ, తొమ్మిదేళ్ల పాప, మేమిద్దరం ఉంటాం. రాట్‌వీలర్ పిల్లను తెచ్చుకోవాలని ఉంది. అసోసియేషన్ వాళ్లేమో ‘ప్రభుత్వం నిషేధించిన జాతి, లోపలికి రానివ్వం’ అంటున్నారు. కుక్కపిల్లలు అమ్మే కెన్నెల్ అతనేమో ‘మంచిగా పెంచితే అన్నీ ఒకటే, జాతిలో ఏమీ లేదు’ అంటున్నాడు. ఇద్దరి మాటా నాకు సగమే నమ్మబుద్ధి అవుతోంది.

ఈ జాతుల చెడ్డపేరులో నిజమెంత? ఎక్కడ పొరపాటు జరిగితే కుక్క కరిచేదాకా వస్తుంది? నలభై రోజుల పిల్లను ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

గుంటూరు_వెట్:
వేణు గారూ, ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, వాటిని కలిపేయకండి. కుక్క కరిచే అవకాశం ఎంత అన్నది ఒకటి. కరిస్తే ఎంత నష్టం అన్నది రెండోది.

మొదటిదానికి జాతి పేరు చాలా బలహీనమైన సమాధానం. అమెరికాలో వేలమంది యజమానుల ప్రశ్నావళి మీద 2008లో వచ్చిన అధ్యయనంలో మనుషుల మీద దూకుడులో పైన నిలిచినవి డాష్‌హుండ్, చివావా, జాక్ రసెల్ టెరియర్. తోటి కుక్కల మీద దూకుడులో మాత్రం అకీటా, పిట్‌బుల్ ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాయి. 2022లో సైన్స్ పత్రికలో 18 వేలకు పైగా కుక్కల యజమానుల సర్వేతో, కొన్ని కుక్కల జన్యు పరీక్షలతో చేసిన అధ్యయనం వచ్చింది. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతితో వివరించగలిగింది దాదాపు 9 శాతమే. తొమ్మిది అంటే సున్నా కాదు. అలాగని ఒక పిల్లను చూసి ఇది ఇలాగే తయారవుతుందని జాతిని బట్టి చెప్పడానికి అది చాలదు.

రెండో ప్రశ్నకు జాతి నేరుగా లెక్కలోకి వస్తుంది. మగ రాట్‌వీలర్ దాదాపు 50 కిలోలు పెరుగుతుంది, ఆడది దాదాపు 42. డాష్‌హుండ్ పట్టుకుంటే పిక్క మీద నాలుగు గాట్లు. అదే కోపంతో రాట్‌వీలర్ పట్టుకుంటే ఆపరేషన్ థియేటర్. చిన్నకుక్క కాటు ఇంట్లోనే పసుపు రాసి మర్చిపోతారు (అదీ తప్పే, కాటు ఎవరిదైనా ఆసుపత్రికి వెళ్లాలి). పెద్దకుక్క కాటు పేపర్‌కెక్కుతుంది. చెడ్డపేరులో కొంత భాగం అలా వచ్చిందే.

మరణాల లెక్కలు కూడా చూడండి. అమెరికాలో 1979 నుంచి 1998 వరకు కుక్కల దాడుల్లో, జాతి సమాచారం దొరికిన 238 మరణాల్లో సగానికి పైగా పిట్‌బుల్ తరహావి, రాట్‌వీలర్లు కారణం. అయితే ఏ జాతి కుక్కలు దేశంలో ఎన్ని ఉన్నాయో లెక్క లేనందున, జాతివారీ ప్రమాద రేటు దీన్నుంచి తీయలేమని రాసినవాళ్లే చెప్పారు. తర్వాత 2000-2009 మధ్య జరిగిన 256 మరణాలను పోలీసు రికార్డులతో సహా పరిశీలిస్తే జాతిని రూఢిగా చెప్పగలిగింది 45 కేసుల్లోనే. ఆ 256లో నూటికి ఎనభై కేసుల్లో నాలుగు, అంతకంటే ఎక్కువ కారణాలు ఒకేసారి కలిసి కనిపించాయి: అడ్డుకోగల పెద్దవాళ్లు దగ్గర లేకపోవడం, కుక్కకు ఆ మనిషి కొత్త కావడం, స్టెరిలైజేషన్ చేయించకపోవడం, బాధితులు పసిపిల్లలో వృద్ధులో కావడం, కుక్కను ఇంట్లో మనుషులతో కలవనీయకుండా పెరట్లోనో గొలుసుకో వదిలేయడం, అంతకుముందే తప్పుడు పెంపకం, హింస. మీ ఇంటికి ఈ జాబితాను పెట్టి చూసుకోండి. జాతి కంటే ఇది ఎక్కువ చెబుతుంది.

నలభై రోజుల పిల్ల వద్దే వద్దు. 2017 కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదు. దాని వెనక శాస్త్రం ఉంది. పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడేటప్పుడు గట్టిగా కొరికితే అవతలిది కెవ్వుమని ఆట ఆపేస్తుంది, తల్లి కసురుతుంది. దవడను ఎంత నొక్కాలో కుక్క నేర్చుకునేది అక్కడే. ముందే విడదీస్తే ఆ పాఠం సగంలో ఆగిపోతుంది. 50 కిలోలు పెరిగే కుక్కకు ఆ పాఠం తప్పనిసరి.

ఒక వైద్యపరమైన మాట. రాట్‌వీలర్‌లో తుంటి కీలు సరిగా కుదరని జబ్బు ఎక్కువ. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న కుక్క నడుం మీద చెయ్యి వేయగానే ఉలిక్కిపడి పళ్లు చూపిస్తే, ముందు ఎక్స్‌రే తీయించాలి, ట్రైనర్ తర్వాత. స్టెరిలైజేషన్ కూడా తొందరపడి ఆరు నెలలకే చేయిస్తే పెద్ద జాతుల్లో కీళ్ల సమస్యలు పెరుగుతాయి. మగపిల్ల అయితే ఏడాది దాటాక మీ వెట్‌తో మాట్లాడి చేయించండి. దాంతో తిరుగుడు, మగకుక్కలతో పోట్లాట తగ్గుతాయి. భయంతో కరిచే కుక్కకు ఆ ఆపరేషన్ మందు కాదు.

కరీంనగర్_శ్రీను:
డాక్టర్ సారు చెప్పినదాంట్ల చానా వరకు ఒప్పుకుంట. కానీ ‘జాతిలో ఏం లేదు’ అని కెన్నెలోడు అన్నది మాత్రం అబద్ధం. జాతులల్ల ఏం లేకపోతే లాబ్రడార్ బంతి తెచ్చుడు, బోర్డర్ కాలీ గొర్రెలను మలుపుడు ఎక్కడికెళ్లి వచ్చినయి?

పిట్‌బుల్ సంగతి చూడు. బ్రిటన్‌ల 1835ల ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పుడు నిషేధించినంక ఆ కుక్కలనే కుక్కల పందాలకు మలిపిండ్రు. మొదలుపెడితే ఆగనిదాన్ని, దెబ్బ తిన్నా వదలనిదాన్ని ఏరి ఏరి పిల్లలు తీసిండ్రు. అందుకే దాని గురి ముందుగాల తోటి కుక్కల మీదనే ఉంటది. దవడ తాళం పడతదని చెప్పుకునుడు ఉత్తదే, అసొంటి ఎముక గానీ కీలు గానీ ఏ కుక్కకూ లేదు. వదలొద్దనే పట్టుదల మాత్రం ఉన్నది.

రాట్‌వీలర్ కథ వేరు. జర్మనీల రాట్‌వైల్ ఊర్ల పశువులను తోలేతందుకు, మాంసం బండి గుంజేతందుకు, కావలికి పెంచిండ్రు. ఇంటోళ్లకు అతుక్కుంటది, కొత్తోళ్లను అనుమానంగ చూస్తది. అపార్ట్‌మెంట్ల రోజుకు ఇరవై మంది కొత్తోళ్లు తలుపు కొడతరు. ఆ గుణం అక్కడ్నే అడ్డం తిరుగుతది. కాంగల్, కకేసియన్ షెపర్డ్ అయితే ఇంకో మెట్టు పైన: మంద దగ్గర మనిషి లేకున్నా సొంతంగ నిర్ణయం తీసుకునేటట్టు తయారైన కుక్కలు. ఫ్లాట్‌ల వాటికి జాగే లేదు.

ఇంకోటి, మనదగ్గర పిట్‌బుల్ అని అమ్మేదాంట్ల ఏమేం కలిసిందో అమ్మేటోనికే తెల్వదు. అమెరికన్ బుల్లీ, బుల్లీ కుట్టా, ఏది దొరికితే దాన్ని కలుపుతరు. కోపంగల తల్లి, భయంగల తండ్రి అయితే పిల్ల ఎంత ముద్దుగున్నా రిస్కే. కాబట్టి వేణన్నా, పేరు గాదు, తల్లిని చూడు. కెన్నెల్‌కు పోయి తల్లి దగ్గర పది నిమిషాలు నిలబడు. ముందుగాల మొరిగినా, ఓనర్ పక్కకొచ్చినంక నెమ్మదై నీ చెయ్యి వాసన చూస్తే మంచి గుర్తు. మూలకు నక్కి గుర్రుమన్నా, జాలికి ఎగిరెగిరి పడ్డా ఆ పిల్లలు వద్దు. ‘తల్లి ఊర్లె లేదు’ అంటే అక్కడ్నుంచే తిరిగిరా. కుక్క చర్మం కింద పెట్టే మైక్రోచిప్ నంబర్, జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పేపర్ల మీది నంబర్ ఒక్కటేనా చూసుకో.

విశాఖ_డాగ్‌ట్రైనర్:
వేణు గారూ, ఎక్కడ పొరపాటు జరుగుతుందని అడిగారు. ఎక్కువ ఇళ్లలో అది ఒకే దారిలో జరుగుతుంది.

పిల్ల మనసు కొత్తవాటికి తెరిచి ఉండేది మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకే. సరిగ్గా ఆ రోజుల్లోనే టీకాలు నడుస్తుంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా, మూడు నెలలు నిండాక రేబీస్ టీకా. పార్వో అనే వైరస్ జబ్బు భయంతో పిల్లను ఐదో నెల దాకా గడప దాటనివ్వరు. బయటికి తీసేసరికి దానికి హెల్మెట్ పెట్టుకున్న మనిషీ భూతమే, కర్ర పట్టుకున్న ముసలాయనా భూతమే. చేయాల్సిందేమిటంటే, కింద దించకుండా చేతుల్లోనో సంచిలోనో పెట్టుకుని తిప్పడం. వాచ్‌మన్, డెలివరీ అబ్బాయి, లిఫ్ట్ తలుపు, కుక్కర్ విజిల్, పరిగెత్తే పిల్లలు, ఆటో, డప్పు. ఒక్కోటి రెండు మూడు నిమిషాలు, దూరం నుంచి. అది కనిపించిన క్షణంలో బఠానీ గింజంత ఉడికించిన చికెన్ ముక్క. తోక కాళ్ల మధ్యకు పోయిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారని. వెనక్కి రండి. ఎవరి చేతుల్లోనూ బలవంతంగా పెట్టకండి.

తర్వాత ఎనిమిదో నెల నుంచి ఏడాదిన్నర దాకా కౌమారం. ఆ భయమే ఇప్పుడు ముందుకు దూకుతుంది. కొరియర్ అబ్బాయి వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను పార్సెల్ ఇచ్చి వెళ్లిపోతాడు. అతను ఎలాగూ వెళ్లేవాడే. కానీ కుక్క లెక్కలో ‘నేను మొరిగాను, వాడు పోయాడు’. రోజుకు ఐదుసార్లు ఈ పాఠం చదువుతుంది. ఒకరోజు తలుపు తెరిచే ఉంటుంది. దీనికి మందు తలుపు దగ్గరే ఉంది: హాలుకు లోపల గడియ ఉన్న చిన్న గేటు పెట్టించండి, బెల్ మోగితే కుక్క ఆ గేటుకు అవతల తన చాప మీదికి వెళ్లాలి, అక్కడ ముక్క దొరకాలి, ఆ తర్వాతే మెయిన్ డోర్ తీయాలి. తొలి నెల ఇంట్లోవాళ్లే బెల్ కొట్టి సాధన చేయించండి.

గుర్రుమంటే కొట్టకండి. దీన్ని ఎంత చెప్పినా తక్కువే. కుక్క ముందు మొహం పక్కకు తిప్పుకుంటుంది, పెదవి నాకుకుంటుంది, నిద్ర లేకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇవేవీ మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. ఆ గుర్రును దెబ్బలతో మాన్పిస్తే కోపం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ‘ఏమీ చెప్పకుండా కరిచింది’ అనే కుక్కల్లో చాలావాటికి చెప్పడం మాన్పించింది మనుషులే.

అన్నం గిన్నెలో చెయ్యి పెట్టి ‘అలవాటు’ చేయడం కూడా మానండి. తింటున్నప్పుడు పక్కనుంచి నడుస్తూ ఇంకో మంచి ముక్క గిన్నెలో పడేసి వెళ్లిపోండి. నోట్లో చెప్పు పట్టుకుంటే లాక్కోవద్దు. ముక్క చూపించి ‘ఇచ్చెయ్’ అని మారకం చేయండి, వీలైతే ఆ వస్తువు తిరిగి ఇవ్వండి. పచ్చిమాంసం పెడితే క్రూరమవుతుందన్నది వట్టిమాట. గోనెసంచితో రెచ్చగొట్టి ‘పౌరుషం’ నేర్పడం మాత్రం నిజంగా ప్రమాదం.

పాప విషయంలో: నిద్రలో ఉన్న కుక్కను, తింటున్న కుక్కను ముట్టుకోకూడదు, మెడ చుట్టూ చేతులు వేసి మొహంలో మొహం పెట్టకూడదు, పెద్దవాళ్లు లేకుండా ఇద్దరూ ఒకే గదిలో ఉండకూడదు. అమ్మగారి చేతికి కుక్క పట్టీ (లీష్) ఇవ్వకండి. ఆరు నెలలకే ఈ కుక్క 30 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అది కరవనక్కర్లేదు, పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజితే ఆవిడ పడి తుంటి విరుగుతుంది.

మజిల్ (మూతికి తొడిగేది) నాలుగో నెలలోనే అలవాటు చేయండి, అవసరం రాకముందే. బుట్ట ఆకారంలో ఉండేదే కొనండి. లోపల నోరు పూర్తిగా తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. నోరు బిగించే నైలాన్ పట్టీలు మన ఎండల్లో వడదెబ్బకు దారి. మొదట బుట్టలోంచి ముక్కలు తిననివ్వాలి. తనంతట తానే మూతి పెట్టాక బకిల్ ఒక్క క్షణం, తర్వాత పది క్షణాలు, తర్వాత ఇంట్లో నడక. రెండు మూడు వారాలు పడుతుంది. నేరుగా తగిలించి బయటికి తీసుకెళ్తే జన్మలో పెట్టనివ్వదు.

మియాపూర్_వేణు:
చాలా స్పష్టంగా చెప్పారు. అసోసియేషన్ మాట సంగతి? మా వీధిలో కుక్కలు కూడా ఎక్కువే, నడకకు తీసుకెళ్తే మీద పడవా?

హైకోర్టు_కాలనీ:
2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ గురించి వాళ్లు చెబుతున్నారు. 23 రకాల దిగుమతి, సంతానోత్పత్తి, అమ్మకం ఆపాలనీ, ఇప్పటికే పెంచుతున్నవాటికి స్టెరిలైజేషన్ చేయించాలనీ అందులో ఉంది. రాట్‌వీలర్, పిట్‌బుల్ రెండూ ఉన్నాయి. అది చట్టం కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది, సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్నది ఒక కారణం. జాబితా కూడా ఆలోచించి రాసినట్టు లేదు: ‘టెరియర్లు’, ‘మాస్టిఫ్‌లు’ అని గంపగుత్తగా రాశారు, టోసా అనే జపాన్ జాతి రెండుసార్లు వచ్చింది. జర్మన్ షెపర్డ్ లేదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వచ్చిన యువకుడు మూడో అంతస్తు నుంచి పడి చనిపోయింది జర్మన్ షెపర్డ్ మీదికి రావడం వల్లే. అక్కడ కావలసింది జాతి నిషేధం కాదు, విశాఖ ట్రైనర్ గారు చెప్పిన లోపలి గేటు.

బయటి దేశాలదీ ఇదే తర్జనభర్జన. నెదర్లాండ్స్ 1993లో పెట్టిన పిట్‌బుల్ నిషేధాన్ని 2008లో ఎత్తేసింది. బ్రిటన్ పిట్‌బుల్‌ను నిషేధించిన 1991 చట్టాన్ని అలాగే ఉంచి, 2023 చివర్లో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే రకాన్ని కూడా చేర్చింది.

అసోసియేషన్‌కు జాతిని బట్టో సైజును బట్టో పెంపుడు కుక్కను నిషేధించే అధికారం లేదు, లిఫ్ట్ వాడొద్దనీ అనలేదు. జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెప్పాయి. అయితే వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. మున్సిపల్ లైసెన్స్, రేబీస్ టీకా కార్డు కాపీలు ముందే ఇవ్వండి, కామన్ ఏరియాలో పట్టీ లేకుండా తీసుకురానని రాసివ్వండి. మీ నిర్లక్ష్యంతో కుక్క ఎవరినైనా గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నష్టపరిహారం దావా వేరే.

విశాఖ_డాగ్‌ట్రైనర్:
వీధి కుక్కల సంగతి. వాటి హద్దులు గమనించి, వాటికి అన్నం పెట్టే వేళలు వదిలేసి బయల్దేరండి. మన ఎండకు నల్లకుక్కను ఎలాగూ తెల్లవారుజామునే తిప్పాలి. ఆరడుగుల మామూలు పట్టీ వాడండి. లాగితే పొడవు పెరిగే రీల్ పట్టీతో పెద్దకుక్కను ఆపలేరు. ఛాతీ హార్నెస్‌కు ఒక క్లిప్, మెడపట్టీకి ఒక క్లిప్. ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. గుంపు ఎదురైతే పట్టీ బిగించి నిలబడొద్దు. బిగుతు చేతిలోంచి కుక్కకు పాకుతుంది. పక్కకు తిరిగి వంపుగా నడిచి దూరం పెంచండి.

పోట్లాట అంటుకుంటే మధ్యలో చెయ్యి పెట్టకండి. అలాంటప్పుడే మనుషులకు కాట్లు తగులుతుంటాయి. బకెట్ నీళ్లు, లేదా మధ్యలో అట్టపెట్టె, గొడుగు.

గుంటూరు_వెట్:
చివర్లో మిగిలినది నేను కలుపుతాను. కుక్క కరిస్తే, మీదైనా వీధిదైనా, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏదీ రాయొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కండకు ఇచ్చే పద్ధతిలో టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో. చర్మం చీలి రక్తం వస్తే గాయం చుట్టూ రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి, అది ఉందా అని మీరే అడగండి. కుక్కను పది రోజులు కట్టేసి గమనించాలి, చంపకూడదు, పారిపోనివ్వకూడదు. గమనిస్తున్నాం కదా అని టీకా ఆపొద్దు.

పగలంతా మీరిద్దరూ ఆఫీసుకెళ్లి, కుక్క దగ్గర అమ్మగారు ఒక్కరే ఉండేట్టయితే ఈ జాతి ఇప్పుడు వద్దని నా సలహా. ఎవరో ఒకరు ఇంటి నుంచి పనిచేస్తూ మొదటి ఏడాదిన్నర దాని వెంట ఉండగలిగితే, శ్రీను గారు చెప్పినట్టు తల్లిని చూసి, ఎనిమిది వారాలు నిండిన ఆడ కుక్కపిల్లను తీసుకోండి. కెన్నెల్ అతను నలభై రోజులకే ఇస్తానని పట్టుబడితే కెన్నెల్ మార్చండి.