పచ్చడికి ఏ చెరువు చేప మంచిది? కొరమీనా, శీలావతా?

ఖమ్మం_అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడు బెంగళూరులో హాస్టల్లో ఉంటాడు, వాడికి రొయ్యలు పడవు, చికెన్ పచ్చడి తిని తిని మొహం మొత్తిందంట, అందుకే ఈసారి చేపల పచ్చడి పెట్టి పంపుదామనుకుంటున్నా. సముద్రం చేప మా దగ్గరికి ఐసులోనే వస్తది, ఎన్నాళ్ళదో తెలీదు. మార్కెట్లో బొచ్చె, శీలావతి, గడ్డిచేప, పంగస్ రోజూ ఉంటాయి, కొరమీను ఆదివారాలే, రేటు మాత్రం మండిపోతది. ముళ్ళు ఉండకూడదు, ముక్క పొడైపోకూడదు. షాపతను బోన్‌లెస్ పంగస్ తీస్కో అక్కా అంటున్నాడు, తీసుకోవచ్చా?

కొల్లేటి_గట్టు:
పంగస్ వద్దండి అక్కా. ముల్లు లేని మాట నిజమే కానీ దాని కండలో నీరెక్కువ, కొవ్వూ ఎక్కువే. మూకుట్లో వేయగానే నీళ్ళొదిలేసి ముక్క సగానికి ముడుచుకుంటుంది, గరిటె తగిలితే విడిపోద్ది. మాది కైకలూరు వైపు, చుట్టూ చెరువులే, మా ఇళ్ళల్లో పచ్చడంటే కొరమీనే. ముల్లు తక్కువ, కొవ్వు తక్కువ, కండ గట్టి. పైగా గాలి పీల్చే చేప కాబట్టి తొట్టిలో బతికుండగానే అమ్ముతారు, తాజాదా కాదా అన్న అనుమానమే ఉండదు. కాకపోతే తల, తోలు, నడిముల్లు తీసేశాక కిలో చేపకి అరకిలో కండ కూడా రాదు, అది చూసుకుని కొనండి.
శీలావతి, బొచ్చెల్లో చిక్కేంటంటే వీపు ముక్కలో సన్నముళ్ళు, పొట్ట ముక్కలో కొవ్వు. కూరకైతే పొట్ట ముక్కే రుచి, పచ్చడికి అదే చేటు, నాలుగు రోజులకి కొవ్వు కనరెక్కి జాడీ మొత్తం వాసనొస్తుంది. బొచ్చెకి తల పెద్దది, బరువంతా దానికే పోద్ది.

కరీంనగర్_పోరడు:
అన్న చెప్పింది కరెక్టే, కొర్రమట్టను (మీ కొరమీనే) మించింది లేదు, ఊరికే తెలంగాణ రాష్ట్ర చేప చేసిన్రా. కానీ అందరికీ పైసలు కుదరయ్ కదా. మేమైతే రవ్వ తోనే పెడ్తం, మీరు శీలావతి అంటరు గదా అదే. చిన్నది మాత్రం అస్సలు తేవద్దు అక్కా, మూడు కిలోలు దాటింది తెస్తే ముల్లు దొడ్డుగ ఉంటది, చేతికి దొరుకుతది, ఏరెయ్యొచ్చు. తోక ముక్కలు, పొట్ట ముక్కలు పులుసుకు పక్కకు వెట్టి వీపు కండ ఒక్కటే పచ్చడికి తీస్కో. మొప్పలు ఎర్రగ ఉండాలె, వేలుతోని నొక్కితే గుంట పడొద్దు. చెరువు చేపకు మట్టి వాసన ఉంటది, ఉప్పు, పసుపు, నిమ్మరసం రాసి అర్ధగంట వెట్టి కడిగితే చానా మట్టుకు పోతది. కడిగినంక బట్ట మీద పరిచి తడి మొత్తం ఆరనియ్యాలె. ఏంచేటప్పుడు బుడగలు చూస్కో, ముక్కల నీళ్ళున్నంత సేపు నూనె బుసబుస పొంగుతది, బుడగలు సన్నగయ్యి సప్పుడు తగ్గినంకనే తియ్యి.

ల్యాబ్_మసాలా:
నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను, చేప ఏదైనా ఈ ఒక్క విషయం దయచేసి పట్టించుకోండి. నూనె పైకి తేలితే చాలు పాడవదు అనుకుంటారు చాలామంది, అది తప్పు. నూనె కింద గాలి ఉండదు, బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే బ్యాక్టీరియాకి కావాల్సిందే అది, దాని బీజాలు వేపుడు వేడికి చావవు. దాన్ని పెరగనివ్వనిది పులుపు. పులుపుని కొలిచే పీహెచ్ (అంకె ఎంత తగ్గితే అంత పులుపు) 4.6 కంటే తక్కువుండాలి, ముక్క లోపల కూడా, అందుకే ముక్కలు చిన్నగా కొయ్యండి. నిమ్మరసం ధారాళంగా పిండండి, మసాలా చల్లారాకే పిండండి, వేడి మీద పోస్తే చేదొస్తుంది. పీహెచ్ పేపర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ముక్క చిదిపి చూడండి. చూసినా సరే ఇంట్లో పెట్టిన చేప పచ్చడి ఫ్రిజ్‌లోనే ఉండాలి. హాస్టల్లో ఫ్రిజ్ ఉందా?

ఖమ్మం_అక్క:
ఫ్రిజ్ ఉందంట, ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. అయితే ఆదివారం కొరమీనే తెస్తా, దొరక్కపోతే పెద్ద శీలావతి. నిమ్మకాయ బదులు చింతపండు గుజ్జు వేయొచ్చా?

కొల్లేటి_గట్టు:
వేయొచ్చండి, కానీ గుజ్జులో నీళ్ళుంటాయి, నూనెలో బాగా దగ్గరపడేదాకా ఉడికించాలి. నేనైతే నిమ్మకాయే అంటాను, ల్యాబ్ గారు చెప్పిన పులుపు లెక్క కూడా దాంతోనే తేలిగ్గా కుదురుద్ది. బస్సులో పంపకండి, ఎండలో డబ్బా వేడెక్కిపోద్ది, ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే ఐస్ డబ్బాలో పెట్టి ఇవ్వండి.