2017 నాటి ల్యాప్‌టాప్‌కి 12,800 పెట్టాలా, వదిలించుకోవాలా?

పేట_డీటీపీ

నరసరావుపేటలో చిన్న డీటీపీ షాపు నాది. శుభలేఖలు, బిల్లు బుక్కులు, వర్ధంతి కార్డులు, అప్పుడప్పుడు ఫ్లెక్సీ డిజైన్లు. పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగుకి అను ఫాంట్లు, పాత ఫొటోషాప్ మీదే. మిషన్ 2017 మొదట్లో కొన్న ల్యాప్‌టాప్. ఐ5-7200యు ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (మెమరీ), 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10.

పొద్దున షట్టర్ ఎత్తి స్విచ్ నొక్కి, ఎదురు కొట్లో టీ తాగి వచ్చినా ఇంకా చుక్కలు తిరుగుతానే ఉంటాయి. పెళ్ళివాళ్ళు ఎదురుగా కూర్చుని "మా వియ్యంకుడి పేరులో దీర్ఘం పోయింది, చూడండి" అంటే ఆ ఫైలు తెరుచుకునేసరికి రెండు నిమిషాలు. తల కొట్టేసినట్టుంటోంది.

షాపతను రాసిచ్చిన లెక్క ఇదీ: 500 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే, తిరిగే భాగాల్లేని డిస్క్) 4,800, 8 జీబీ ర్యామ్ 4,500, బ్యాటరీ 2,800, కూలి 700. మొత్తం 12,800. తొమ్మిదేళ్ళ దాని మీద అంత పెట్టడం దండగ అంటాడు మా బావమరిది. మూఢం వెళ్ళగానే ముహూర్తాలు వరసపెడతాయి, ఈలోపే తేల్చుకోవాలి. ఏం చెయ్యమంటారు? అన్నట్టు టచ్‌ప్యాడ్ ఈమధ్య నొక్కితే దిగట్లేదు. మౌస్ వాడుతున్నా, పర్లేదు.

కొత్తదే_కొను

మీ బావమరిదే రైటు. మా ఆఫీసులో మిషన్లు కొనే పని నాదే, కాబట్టి కాస్త కటువుగానే చెప్తా. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అదనపు సెక్యూరిటీ పథకంలో చేరితే 2026 అక్టోబర్ దాకా లాగొచ్చు, ఆ తర్వాత? మీది ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్. ఆ తరం, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, విండోస్ 11 జాబితాలో లేదు. మీ 7200యులో ఉన్నవి రెండు కోర్లు. అదే 2017 ఆగస్టులో వచ్చిన ఎనిమిదో తరం యు సిరీస్‌లో ఐ5కి నాలుగు కోర్లు ఇచ్చారు, విండోస్ 11 గీత కూడా అక్కడే గీశారు. కొన్ని నెలల తేడాలో మీరు గీతకి అవతల ఉండిపోయారు. ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చే దారి లేదు.

కంపెనీల్లో లీజు తీరి బయటికొచ్చే ఎనిమిదో తరం థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్ లాంటివి చూడండి. మీ 12,800కి ఇంకొంత కలిపితే చాలు. కూలే గోడకి సున్నం ఎందుకు?

పార్క్‌లేన్_పాతకాపు

సికింద్రాబాద్ పార్క్‌లేన్ల సీటీసీ అనే కంప్యూటర్ల కాంప్లెక్సుల పదహారేండ్ల సంది స్క్రూడ్రైవర్ పట్టుకున్నోణ్ణి. అన్నా, కొనుడు సంగతి తర్వాత. ముందుగాల విండోస్ల టాస్క్ మేనేజర్ తెరువు, ఏది ఎంత శాతం వాడుకమీదున్నదో చూపెడ్తది. పేజ్‌మేకర్, ఫొటోషాప్, క్రోమ్‌ల వాట్సాప్, రోజు ఎట్ల వాడ్తవో అట్లనే అన్నీ తెరిచి మూడు అంకెలు రాస్కో: సీపీయూ (ప్రాసెసర్), మెమరీ, డిస్క్. అవి చూడకుండనే 12,800 లెక్క రాసినోడు డాక్టరు కాదు, మందుల షాపోడు.

ఇంకోటి. టచ్‌ప్యాడ్ దిగుతలేదు, పర్లేదు అన్నవ్ చూడు, నాకు భయమైతుంది అదే. మూత మూసి బల్ల మీద పెట్టు. నాలుగు మూలలు ఆనుతున్నయా, ఊగుతున్నదా? పొద్దంత ఛార్జర్ పెట్టే ఉంచుతవా?

లెక్కల_టీచరమ్మ

ర్యామ్ విషయంలో నా అనుభవం చెప్తాను. మా అబ్బాయి పాత ల్యాప్‌టాప్‌కి ఆన్‌లైన్‌లో 8 జీబీ స్టిక్ తెప్పించాను. పెట్టగానే తెర నల్లగా, బీప్ బీప్ మంటూ. తీరా చూస్తే దానికి కావలసింది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్, నేను కొన్నది 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3. స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, గుంత కూడా ఒకేచోట ఉంటుంది, అందుకే మోసపోయాను. సీలు తెరిచానని వెనక్కి తీసుకోలేదు. మీది బహుశా తర్వాతి తరం డీడీఆర్4 కాబట్టి ఈ తిప్పలు ఉండవనుకోండి. అయినా ఎన్ని స్లాట్లు ఉన్నాయో, అందులో ఖాళీ ఉందో లేదో చూశాకే డబ్బులివ్వండి. చివరికి ర్యామ్ ఊసెత్తకుండా ఎస్ఎస్‌డీ ఒక్కటే వేయించాం, మూడేళ్ళుగా నడుస్తోంది.

పేట_డీటీపీ

అన్నా, పీటలా ఊగుతోంది! కింది అట్ట మధ్యలో పొట్ట వచ్చింది, ఇన్నాళ్ళూ చూసుకోలేదు. ఛార్జర్ ఐదారేళ్ళుగా తీసిందే లేదు. అంకెలు: సీపీయూ 14, మెమరీ 78, డిస్క్ 100. డిస్క్ అయితే పది నిమిషాల దాకా 100 నుంచి దిగలేదు.

పార్క్‌లేన్_పాతకాపు

ఇప్పుడే బంద్ చెయ్యి, ఛార్జర్ పీకు. బ్యాటరీ ఉబ్బింది, అదే టచ్‌ప్యాడ్‌ను కిందికెళ్ళి నెడ్తున్నది. రోజంత 100 శాతం మీద, వేడిల ఉంచితే లోపలి ద్రావణం చెడి గ్యాస్ అయితది. ఎవడన్న సూదితోని గుచ్చి గాలి తీస్తనంటే ఇయ్యకు, అది అంటుకునే సరుకు. దాని మీద బరువు పెట్టకు, మూత గట్టిగ అదమకు. షాపుకు తీస్కపోయి ముందు బ్యాటరీ విప్పియ్యి. పాతదాన్ని చెత్తబుట్టల వెయ్యకు, ఈ-వేస్ట్ తీసుకునేటోళ్ళకే ఇయ్యి. మిగిలిన ముచ్చట్లు దాని తర్వాతనే.

ఇగ డిస్క్. లెక్క చెప్తా. ల్యాప్‌టాప్ల డిస్క్ మామూలుగ 5400 ఆర్‌పీఎం, నిమిషానికి 5400 చుట్లు. అంటే లోపలి పళ్లెం ఒక్క చుట్టు తిరగనీకి 11 మిల్లీసెకన్లు. సగటున సగం చుట్టు ఆగాలె, చదివే ముల్లు జరగనీకి ఇంకో పన్నెండు దాకా. అంటే సెకనుకు యాభై, అరవై చోట్ల కంటె ఎక్కువ తిరగలేదు. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్ళు అడుగుతది. పాపం ఆ ముల్లు ఏం చేస్తది? ఎస్ఎస్‌డీల తిరిగేదే లేదు, నెమ్మది రకం సాటాదైనా సెకనుకు వేలల్ల అందుకుంటది. నీ పేజ్‌మేకర్ 7 పుట్టింది 2001ల. దానికి 7200యు ఏనుగంత. నీ ప్రాసెసర్ 14 శాతంల కూసున్నది, దాన్ని ముసలిది అని తిట్టుడు అన్యాయం.

కొత్తదే_కొను

బ్యాటరీ సంగతి పట్టుకున్నందుకు దండం. కానీ అది నా వాదననే బలపరుస్తోంది కదా? ఇవాళ బ్యాటరీ, రేపు హింజి, ఎల్లుండి ఫ్యాను. ఎస్ఎస్‌డీ వేసిన నెలకే బోర్డు పోతే?

ఇక ర్యామ్. ఏడాది కింద పదిహేను వందలకి వచ్చే స్టిక్‌కి ఇప్పుడు 4,500. చిప్పులు చేసేవాళ్ళు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్ళారు. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మడమే ఆపేస్తున్నామని చిప్పుల కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఇప్పుడు ర్యామ్ కొనడమంటే దసరా ముందురోజు బంతిపూలు కొన్నట్టే. అదే ఎనిమిదో తరం మిషన్ కొంటే 8 జీబీ అందులోనే వస్తుంది.

పార్క్‌లేన్_పాతకాపు

బోర్డు పోతే ఎస్ఎస్‌డీ పోదు తమ్మీ. విప్పి ఇంకో మిషన్ల పెట్టుకుంటడు. 4,800 బోర్డు మీద పెట్టినట్టు కాదు, జేబుల పెట్టుకున్నట్టే. రీఫర్బిష్డ్ (బాగుచేసి అమ్మే పాతది) అంటవ్, దాని బ్యాటరీ ఏ గతిల ఉందో ఎవరు చూసిండ్రు? నా టేబుల్ మీదికి వచ్చే టీ480లల్ల సగం బ్యాటరీ కోసమే వస్తయి.

ర్యామ్ మాత్రం నువ్వు చెప్పిందే కరెక్టు, ఇప్పుడు వద్దు. 78 అంటే అంచు మీద ఉంది, కానీ దాటలే.

పెంగ్విన్_తమ్ముడు

అందరూ విండోస్ చుట్టూ తిరుగుతున్నారు. ఎస్ఎస్‌డీ వేసి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే 2025 అక్టోబర్ గొడవే లేదు, 4 జీబీలో హాయిగా నడుస్తుంది. మా ఇంట్లో 2013 మిషన్ అలాగే ఉంది.

పేట_డీటీపీ

తమ్ముడూ, నీ ఇంట్లో మిషన్ సినిమాలు చూస్తుంది, నా షాపులో మిషన్ అన్నం పెడుతుంది. ఏళ్ళ తరబడి శుభలేఖల ఫైళ్ళన్నీ విండోస్ కోసం చేసిన అనులో కొట్టినవి. ఆ ఫాంట్ లేకపోతే "చి.ల.సౌ." కాస్తా పిచ్చి గీతలైపోతుంది. ఏ మిషన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌కి మారమని పదేళ్ళుగా చెప్తున్నారు. అప్పటి ఫైలు తెచ్చి "ఇదే డిజైన్, పేర్లు మార్చండి" అనే గిరాకీ ఆగితే మారతా.

కొత్తదే_కొను

సరే, పేజ్‌మేకర్ కోసం పాత మిషన్ ఉంచుకోండి. కానీ అదే మిషన్‌లో బ్యాంకు లాగిన్, జీఎస్టీ, గిరాకీలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చే ఫైళ్ళు కూడానా? అప్‌డేట్లు లేని మిషన్‌లో ఊళ్ళో పెన్‌డ్రైవ్‌లన్నీ గుచ్చుతున్నారు. నాకు వేగం కంటే అదే పెద్ద సమస్య.

పేట_డీటీపీ

ఈ మాట తగిలింది. బ్యాంకు, జీఎస్టీ ఇక మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లోనే. అదనపు అప్‌డేట్ల పథకంలో కూడా చేరా. పెన్‌డ్రైవ్ మాత్రం తప్పదు, ఫైళ్ళు వాట్సాప్‌లో పంపండని అడుగుతున్నా, పెద్దాయనలు వినరు.

పేట_డీటీపీ (పది రోజుల తర్వాత)

ఎస్ఎస్‌డీ, బ్యాటరీ, కూలి కలిపి 8,300 అయింది. ర్యామ్ వదిలేశా. పాత బ్యాటరీ బయటికి తీస్తే దిండులా ఉంది, షాపతనే "దీన్ని ఇన్నాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నావా" అన్నాడు. టచ్‌ప్యాడ్ ఏ రిపేరూ లేకుండానే మళ్ళీ నొక్కితే దిగుతోంది. స్విచ్ నొక్కితే 25 సెకన్లలో తెర వస్తోంది. టీ కొట్టువాడే "ఈమధ్య రావట్లేదేంటి" అని అడిగాడు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. నిన్న పది అడుగుల ఫ్లెక్సీ ఫైలు ఫొటోషాప్‌లో తెరిస్తే మెమరీ 95కి పోయింది, లేయర్ కదిపినప్పుడల్లా ఆగి ఆగి నడిచింది. శుభలేఖలకి ఢోకా లేదు, ఫ్లెక్సీలకి ర్యామ్ కావాల్సిందే.

కొత్తదే_కొను

నాలుగు జీబీతో ఇదే అవుతుందని తెలుసు. అందుకే మిషనే మార్చమన్నా.

పార్క్‌లేన్_పాతకాపు

కొత్త స్టిక్ ఎందుకు? విప్పేసిన మిషన్ల నుంచి తీసిన 4 జీబీ డీడీఆర్4 అడుగు, తక్కువకే వస్తది. ఉన్నదాని పక్కన ఖాళీ స్లాట్ల పెట్టు. రెండూ సమానమైతే డ్యుయల్ చానల్ల, అంటే రెండూ ఒక్కసారే, నడుస్తయి, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి కూడ కొంచెం ఊపొస్తది. 2400 వేగంది దొరికినా పర్వాలేదు, నీ మిషన్ల 2133 మీదనే తిరుగుతది. అక్కడనే పెట్టించి, మెమరీ టెస్ట్ ఒక్కసారి పూర్తిగ తిరిగినంకనే పైసలియ్యి.

లెక్కల_టీచరమ్మ

పాత హార్డ్ డిస్క్ ఏం చేశారు?

పేట_డీటీపీ

కేసులో పెట్టి యూఎస్‌బీకి తగిలించానండి. తొమ్మిదేళ్ళ శుభలేఖలూ అందులోనే ఉన్నాయి. ఎస్ఎస్‌డీలోకి ఈ ఏడాదివే ఎక్కించా, మిగతావి బ్యాకప్‌లా పడుంటాయని.

పార్క్‌లేన్_పాతకాపు

ఒక్క చోట ఉన్నదాన్ని బ్యాకప్ అనరు. డిస్క్ ఆరోగ్యం చూపెట్టే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి చూడు, రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైనయని డిస్క్ పక్కకు పెట్టిన చోట్లు) ఎన్ని చూపెడ్తున్నది?

పేట_డీటీపీ

పసుపు రంగులో "కాషన్" అంటోంది. ఆ లైన్లో 24 ఉంది. పెండింగ్ అని ఇంకో లైన్లో 8. అంటే మంచిదేనా అన్నా?

పార్క్‌లేన్_పాతకాపు

ఈ రాత్రికి షట్టర్ దించకు. ఫైళ్ళన్నీ కాపీ అయినంకనే ఇంటికి పో.