కన్యాశుల్కం పిల్లలతో ఎలా చేయించాలి?

నమస్కారమండీ. అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. నలభైమంది పిల్లలు, నా చేతిలో ఆరు పీరియడ్లు. ఈసారి గురజాడ కన్యాశుల్కంలో కొన్ని రంగాలు చేయించాలని నా కోరిక.

మొదటిరోజు నేనే చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు. విజయనగరం వైపు మాటలు మా పిల్లలకి కొత్త, మధ్యలో గిరీశం ఇంగ్లీషు ఒకటి. మర్నాడు వెనక బెంచీ కుర్రాడొకడు గిరీశం కోతలన్నీ మన యాసలోకి తిప్పేసి, ప్రతి మాట చివరా "ఆయ్" అంటూ కాలరు సర్దుకున్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. అలా యాస మార్చనివ్వడం మంచిదేనా, లేక మూలంలోని పలుకుబడి పోతుందా? నాకైతే ముందు మన యాసలో ఆడించి, తర్వాత మూలం చదివించడమే మేలనిపిస్తోంది.

అసలు టెన్షన్ వేరే ఉంది. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం కట్టి ముసలి లుబ్ధావధాన్లుని పెళ్ళాడే ఘట్టం చాలా సరదాగా ఉంటుంది. కానీ ఆ వేషం వేసిన పిల్లాణ్ణి రేపు బడంతా ఏడిపిస్తే? పైగా ఆ నవ్వుల్లో పడి, చిన్నపిల్ల సుబ్బిని డబ్బుకి ముసలాడికి కట్టబెట్టబోయారన్న సంగతి మరుగునపడకూడదు. నాటకం మొదటిసారి ఆడింది 1892లో. దానికి పదకొండేళ్ళ ముందే, 1881లో, మన రాజమండ్రిలో వీరేశలింగంగారు వితంతు వివాహం జరిపించారు. సుబ్బి అక్క, చిన్నతనంలోనే మొగుడు పోయిన బుచ్చమ్మ కథ దగ్గర ఇది చెబుతాను.

సుబ్బి తరఫున ఉత్తరం రాయించాలనుకుంటున్నాను. నవ్విస్తూనే ఆలోచింపజేసే పనులు ఇంకేమైనా మీ క్లాసులో చేయించి ఉంటే చెప్పండి. మాట్లాడని ఆడపిల్లల్ని ఎలా కలుపుకోవాలో కూడా.